ఎనిమిదింట మూడు ఎర్ర గుండీలు

లెక్కల పుస్తకాలు రాసేవాళ్ళందరూ వరసలో నిలబడి భూమ్మీద ఒకే ఒక్క మనిషికి క్షమాపణ చెప్పుకోవాల్సి వస్తే, ఆ మనిషి మా అమ్మమ్మే. సంచిలో మూడు ఎర్రవి, అయిదు నల్లవి ఉంటే, చూడకుండా తీసినప్పుడు ఏది వస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరని లోకంలోని పండితులంతా ఒప్పుకున్నారు. మా అమ్మమ్మ ఒప్పుకోలేదు. పైగా పన్నెండుసార్లు చెయ్యిపెట్టి పన్నెండుసార్లూ ఎర్రదే తీసి, సంభావ్యత అనే శాస్త్రాన్ని నలుగురిలో నిలబెట్టి తల దించుకునేలా చేసింది. ఇందులో అబద్ధం ఉంటే నా కళ్ళు పోతాయి. కోతలు కొంచెం ఉంటే ఉండొచ్చు, అవి మా వంశంలోనే ఉన్నాయి.

ఆమె అసలు పేరు కార్ఖానా హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినిపించదు. అందరికీ ఆమె గుండీలమ్మ. చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో ముప్పైయొక్క ఏళ్ళుగా గుండీల బల్ల ఆమెదే. గుండీలు గోనెసంచుల్లో కలగాపులగంగా వస్తాయి. తెల్లవి, నల్లవి, ఎర్రవి, రెండు కన్నాలవి, నాలుగు కన్నాలవి, అంచు విరిగినవి. వాటిని ఏరి, విడదీసి, కుట్టేవాళ్ళకు అందించడం ఆమె పని. మొదట్లో కళ్ళతోనే ఏరేదట. కానీ ఆ గదిలో కరెంటు ఉన్న పూటకన్నా లేని పూటే ఎక్కువ. ఆమె బల్లేమో గోడవైపు, కిటికీకి వీపు పెట్టి ఉంటుంది. అందుకని వేళ్ళే కళ్ళు నేర్చుకున్నాయి. నల్ల గుండీని రంగులో ఎక్కువసేపు ఉడకబెడతారు కాబట్టి దాని అంచు పిసరంత గరుకు. ఎర్రది నున్నన. తెల్లది తేలిక. ఎవరైనా ఆవులిస్తే పేగులు లెక్కపెడతారంటారే, మా అమ్మమ్మ ఆవులించకముందే లెక్కపెట్టేస్తుంది.

గుండీలు కుట్టే మిషను మీద ఆమె వెనక కూర్చునేది నేను. తొమ్మిదో తరగతిలో చదువుకూ నాకూ పడక విడిపోయాం. అమ్మమ్మ చెయ్యి వెనక్కి చాపుతుంది, నేను అందులోని గుండీ తీసుకుని కుడతాను. ఏం ఇచ్చిందో చూడను. ఆమె ఇచ్చింది చూసి కుట్టేవాళ్ళు మా కార్ఖానాలో ఎవరూ లేరు.

అంతటి మనిషి జీవితంలో కోరుకున్నది ఒక్క కుర్చీ. కిటికీ పక్కన, తయారైన చొక్కాలను చివరిసారి పరీక్షించి నీలం ముద్ర వేసే కుర్చీ. ఆ కుర్చీలో తనిఖీ పెద్దాయన ఉండేవాడు. ఆయన వానాకాలం దాటాక విశ్రాంతి తీసుకుంటానన్నాడు. తన తర్వాత గుండీలమ్మే కూర్చోవాలని ఆయనే చెప్పాడు కూడా. అడ్డొచ్చింది మాత్రం గోడ మీద అంటించిన కాగితం: తనిఖీ చేసేవారు పదో తరగతి ఉత్తీర్ణులై ఉండాలి.

తమ్ముణ్ణి చంకనెత్తుకోవడానికి అయిదో తరగతిలో బడి మానేసిన మనిషి, యాభై ఆరేళ్ళ వయసులో ప్రైవేటుగా పదో తరగతికి కట్టింది. తెలుగులో డెబ్భై వచ్చాయి. సాంఘికశాస్త్రంలో అరవై. సైన్సు కూడా ఎలాగో గట్టెక్కింది. లెక్కల్లో ముప్పైయొకటి. ముప్పైయైదు వస్తేనే పాసు. రెండోసారి రాస్తే ముప్పైరెండు.

"ఒక్క మార్కు పెరిగిందిగా. ఈ లెక్కన ఇంకో మూడేళ్ళలో పాసైపోతావు," అన్నాడు తాతయ్య. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. కాలమంటే ఆయనకు తొందర లేదు.

"మూడేళ్ళలో ఆ కుర్చీలో ఎవరో కూర్చుని నాకు గుండీల గురించి పాఠాలు చెబుతారయ్యా," అంది అమ్మమ్మ.

కుర్చీ ఖాళీ అయ్యేలోపు మిగిలింది ఒక్క పరీక్షే. ఈసారి పెద్దవాళ్ళ కోసం నడిపే ఆదివారం బడిలో చేరింది. తోడుగా నేనూ వెళ్ళేదాన్ని. అది చిన్నపిల్లల బడి గది. బెంచీలు ఎంత పొట్టివంటే, వాటి మీద కూర్చున్న బస్సు డ్రైవరు మోకాళ్ళు ఆయన చెవులతో మాట్లాడుకుంటుండేవి. లెక్కల టీచరమ్మకు నిండా పాతికేళ్ళు ఉండవు. మొదటి వారం అందరి చేతా పాత ప్రశ్నపత్రం రాయించింది. అమ్మమ్మ కాగితం దిద్దుతూ దిద్దుతూ ఆగిపోయింది.

"పెద్దమ్మా, వడ్డీ లెక్క సరిగ్గా చేశారు. త్రిభుజం బాగుంది. ఇదేంటి? 'సంచిలో 3 ఎర్ర బంతులు, 5 నల్ల బంతులు కలవు. యాదృచ్ఛికంగా ఒక బంతిని తీసిన, అది ఎర్రది అగుటకు సంభావ్యత ఎంత?' అని అడిగితే, ఒకటి అని రాశారేంటి?"

"ఒకటే కదా టీచరమ్మా. ఒకటంటే తప్పకుండా వస్తుందని మీ పుస్తకంలోనే ఉంది."

"తప్పకుండా ఎలా వస్తుంది?"

"నేను తీస్తాను కాబట్టి."

టీచరమ్మ కింది వాక్యం చదివింది. అక్కడ వివరణ అన్నచోట నిజంగానే అలా రాసి ఉంది: 'నేను తీస్తాను కనుక.' దాని కింద పాచిక లెక్క. ఆరు పడే సంభావ్యత ఎంత అని అడిగితే, 'ఎవరు వేస్తున్నారో ప్రశ్నలో చెప్పలేదు' అని జవాబు.

"ముందు రెండు పరీక్షల్లోనూ ఇలాగే రాశారా?"

"రాశానమ్మా. మొదటిసారి దిద్దినవాళ్ళకు అర్థం కాలేదేమోనని రెండోసారి పెద్ద అక్షరాలతో రాశాను."

క్లాసు ఘొల్లుమంది. టీచరమ్మ నవ్వలేదు కానీ, పెదవులు బిగబట్టడానికి ఆమె పడ్డ పాట్లు ఆమెకే తెలియాలి. ఎనిమిది మార్కులు అక్కడే పోతున్నాయని తేలిపోయింది. ఇక అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబితే సరిపోతుందనుకుంది పాపం. మరుసటి ఆదివారం ఒక గుడ్డసంచి పట్టుకొచ్చింది. బంతులు దొరక్క అందులో గుండీలు వేసింది. మూడు ఎర్రవి, అయిదు నల్లవి. వేరే ఏ వస్తువు తెచ్చినా ఆ రోజు గణితశాస్త్రం పరువు నిలిచేది.

"రండి పెద్దమ్మా. చూడకుండా ఒకటి తీయండి. మళ్ళీ లోపల వేసి ఇంకొకటి తీయండి. ఎర్రది ఎన్నిసార్లు వస్తుందో చూద్దాం."

అమ్మమ్మ తల పక్కకు తిప్పుకుని, కళ్ళు మూసుకుని, చెయ్యి పెట్టింది. ఎర్రది. వేసింది. తీసింది. ఎర్రది. నాలుగోసారికి బస్సు డ్రైవరు లేచి నిలబడ్డాడు. ఏడోసారికి టీచరమ్మ అమ్మమ్మ కళ్ళకు తన రుమాలు కట్టింది. పన్నెండోసారీ ఎర్రదే వచ్చాక, సంచి తిరగేసి, నల్లవి ఉన్నాయో లేదోనని తానే లెక్కపెట్టుకుంది.

"ఇప్పుడు నల్లది తీయమంటారా?" అని అడిగింది అమ్మమ్మ, మర్యాదగా.

"పెద్దమ్మా, మీరు చేత్తో చూస్తున్నారు. చూడకూడదు."

"నా చెయ్యిని నేనెక్కడ వదిలి రానమ్మా?"

టీచరమ్మ పాత ప్రశ్నపత్రం తీసి ఒక మాట మీద వేలు పెట్టింది. "యాదృచ్ఛికంగా అని రాశారు చూడండి. తీసే చేతికి ఏమీ తెలియదు, ప్రతి గుండీ దానికి ఒకటే, అని ఆ మాటకు అర్థం. పుస్తకానికి మీరెవరో తెలియదు పెద్దమ్మా. ఏమీ తెలియని చెయ్యి గురించే అది అడుగుతోంది."

ఆ పెద్ద మాటను అమ్మమ్మ ఇన్నాళ్ళూ, చదువుకున్నవాళ్ళు ముస్తాబుకు పెట్టే మాట అనుకుని దాటేస్తూ వచ్చింది. అయినా ఏమీ తెలియని చెయ్యి ఒకటి ఉంటుందని ఆమె నమ్మలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. దారిలో నాతో అంది, "తెలియకపోతే తెలుసుకుని తీయాలి గానీ, తెలియనిదానికి లెక్కేంటే? మేస్త్రీకి గోడ కట్టడం రాకపోతే, ఎన్నింట ఎన్నిసార్లు కూలుతుందో లెక్కేసుకుంటాడా?"

పరీక్షకు మూడు వారాలు ఉందనగా కార్ఖానాలో ఒక ఘోరం జరిగింది.

ఆ రోజు ఇస్త్రీ బల్ల దగ్గరి అక్క పిల్లకు జ్వరమని గంటసేపు ఇంటికి వెళ్ళింది. ఆ బల్ల మా పక్కనే కాబట్టి, ఆ గంట అమ్మమ్మ ఇస్త్రీ అందుకుంది. ఇస్త్రీ చేసేవాళ్ళు ఎడమచేతికి మందపాటి గ్లౌజు వేసుకుంటారు, ఆవిరి కొట్టకుండా. నేను తెల్లచొక్కా కుడుతున్నాను. చివరి గుండీ తక్కువైంది. "అమ్మమ్మా, తెల్లది," అన్నాను. ఆమె కుడిచేత్తో ఇస్త్రీపెట్టె తోస్తూనే, ఎడమచెయ్యి పక్కనున్న, ఇంకా ఏరని గుండీల పళ్ళెంలో పెట్టి ఒకటి తీసి అందించింది. నేను చూడకుండా మిషను కింద పెట్టి టకటకా కుట్టేశాను.

చొక్కా దులిపి ఎత్తితే, పైనుంచి నాలుగు గుండీలు తెల్లవి. అయిదోది నల్లగా, పాలల్లో పడ్డ ఈగలా ఉంది.

ముందు నా మిషను ఆగింది. తర్వాత పక్క మిషను. అలా ఒక్కొక్కటే గదిలోని మిషన్లన్నీ ఆగాయి. ముప్పైయొక్క ఏళ్ళలో గుండీలమ్మ చెయ్యి తప్పింది. తనిఖీ పెద్దాయన కిటికీ దగ్గర్నుంచి లేచి వచ్చి, ఆ చొక్కాను ఏదో వింతజంతువును చూసినట్టు చూశాడు.

అమ్మమ్మ ముఖం పాలిపోయింది. "ఒసే, నా చెయ్యి పోయిందే," అంది.

ఆ గొంతు విని నాకూ భయం వేసింది. ఆమె గ్లౌజు లాగేసి మళ్ళీ పళ్ళెంలో చెయ్యి పెట్టింది. "తెల్లది," అంది. తెల్లదే. "ఎర్రది." ఎర్రదే. ఊపిరి పీల్చుకుంది. గ్లౌజు తొడుక్కుని, "తెల్లది" అంది. ఎర్రది వచ్చింది. "తెల్లది." నల్లది వచ్చింది. "తెల్లది." ఈసారి తెల్లదే వచ్చింది. కానీ అదెలా వచ్చిందో ఆమెకు తెలియదు. తెలియలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆ ముఖం మీద మెల్లగా ఒక నవ్వు మొలిచింది. కొత్త బొమ్మ దొరికిన చంటిపిల్ల నవ్వు.

"ఒసే పిడుగా! దీనికేం తెలీదే! టీచరమ్మ చెప్పిన చెయ్యి ఇదేనే!"

"ఏ చెయ్యి గుండీలమ్మా?" అన్నాడు పెద్దాయన, ఇంకా ఆ నల్ల గుండీ వైపే చూస్తూ.

"పుస్తకంలో చెయ్యి సార్! ఇన్నాళ్ళూ ఎవరిదో అనుకున్నాను, నాకూ ఒకటి ఉంది!"

ఆ సాయంత్రం పెద్దాయననే అడిగి పాత గ్లౌజొకటి ఇంటికి తెచ్చింది. ఇక మా ఇల్లు ఇల్లు కాదు, ప్రయోగశాల. సంచిలో మూడు ఎర్రవి, అయిదు నల్లవి. అమ్మమ్మ గ్లౌజుతో తీస్తుంది, చూసి చెబుతుంది, మళ్ళీ వేసి కుదుపుతుంది. తాతయ్య పాత క్యాలెండరు వెనక గీతలు గీస్తాడు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, అక్కడికి అయిదు. నేను అన్నం కూడా గీతల మధ్యనే తిన్నాను.

"ఎనిమిదింట మూడంటే, ఎనభైసార్లు తీస్తే ముప్పైసార్లు ఎర్రది రావాలి," అంది అమ్మమ్మ, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని.

ఎనభైసార్లు తీస్తే ముప్పైమూడు వచ్చాయి.

"పుస్తకం తప్పు," అన్నాడు తాతయ్య సంబరంగా.

"తొందరపడకయ్యా. టీచరమ్మ ఏం చెప్పింది? ఎంత ఎక్కువసార్లు తీస్తే అంత దగ్గరికొస్తుందంది. గియ్యి."

ఒకసారి వరసగా అయిదు నల్లవి వచ్చాయి. తాతయ్య పెన్సిలు కింద పెట్టి, "ఇక చూసుకో, వచ్చేది ఎర్రదే. పాపం ఎంతసేపైందో, ఇప్పుడు దాని వంతు," అన్నాడు.

"గుండీకి వంతేంటయ్యా? అదేమన్నా కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడిందా? ముందేం వచ్చిందో దానికేం గుర్తు? ఇప్పుడూ ఎనిమిదింట మూడే."

తీసింది. నల్లదే వచ్చింది. ఆ ఆరో నల్లగుండీని తాతయ్య ముక్కు ముందు ఆడిస్తూ ఆమె నవ్విన నవ్వుకు పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు.

వారం తిరిగేసరికి ఎనిమిది వందలసార్లు తీసింది. క్యాలెండరులో పన్నెండు నెలల వెనకా గీతలే. కూడితే ఎర్రవి రెండు వందల తొంభై ఏడు. పుస్తకం లెక్క ప్రకారం మూడు వందలు. అమ్మమ్మ ఆ క్యాలెండరు కాగితాలన్నీ చుట్టచుట్టి చంకలో పెట్టుకుని ఆదివారం బడికి వెళ్ళింది. టీచరమ్మ ఒక్కో కాగితం విప్పి చూసింది.

"నేను బీయస్సీ చదివాను పెద్దమ్మా. ఎనిమిది వందలసార్లు నేనెప్పుడూ తీసి చూడలేదు. పుస్తకంలో ఉంది కదా అని నమ్మేశాను," అంది చివరికి.

"నమ్మేవాళ్ళు మీరు. నేను గుండీలదాన్ని, తీసి చూడందే నమ్మనమ్మా," అంది అమ్మమ్మ. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "కానీ ఇదేదో బాగుందమ్మా. ఏమీ తెలియకపోయినా ఇంత తెలుస్తుందని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు," అంది.

అక్కణ్ణుంచి ఆమెతో కాపురం చేయడం కష్టమైపోయింది. బస్సు ఎప్పుడొస్తుందని అడిగితే, "పదింట ఆరుసార్లు ఆలస్యం" అంటుంది. తాతయ్య చెప్పిన వేళకు గడియారం బాగుచేసి ఇచ్చే సంభావ్యత ఇరవైయింట ఒకటట. అది నిరూపించడానికి ఆయన కొట్టుకు వచ్చినవాళ్ళందర్నీ వారంపాటు ఆరా తీసింది. "ఇంట్లో పోలీసును పెట్టుకున్నట్టుంది," అని తాతయ్య గొణిగాడు గానీ, ఆ వారం నాలుగు గడియారాలు వేళకే ఇచ్చేశాడు. అమ్మమ్మ లెక్క పాడైంది. ఆయన ఉద్దేశమూ అదే.

పరీక్ష రోజు ఇంకో తంటా. సంచిలో బంతులు అని చదవగానే తన వేళ్ళు జిలజిలమంటాయని, తెలిసిపోయినట్టే ఉంటుందని ఆమె భయం. రెండుసార్లు దెబ్బ తిన్న మనిషి కదా. అందుకని ఆ గ్లౌజు సంచిలో వేసుకుని వెళ్ళింది. ప్రశ్నపత్రం అందగానే ఎడమచేతికి తొడుక్కుని, బల్ల మీద బుద్ధిగా పెట్టుకుని కూర్చుంది. గదిలో కాపలా ఉన్న సారు చూశాడు. చుట్టుపక్కల అంతా పదహారేళ్ళ పిల్లలు. మధ్యలో తెల్లజుట్టు, దాని కింద ఇస్త్రీ గ్లౌజు.

"ఏంటమ్మా అది? తీయండి. లోపల చీటీలు పెట్టారా?"

అమ్మమ్మ తీసి ఇచ్చింది. ఆయన తిరగేసి దులిపాడు. దారప్పోగు ఒకటి రాలింది.

"మరెందుకమ్మా ఇది? చెయ్యి కాలిందా?"

"లేదు సార్. ఇది వేసుకుంటే నాకేమీ తెలీదు. అందుకని."

సారు ఉద్యోగంలో చేరినప్పటినుంచి పరీక్ష గదిలో తెలియడం కోసం తంటాలు పడేవాళ్ళనే చూశాడు. తెలియకుండా ఉండటం కోసం వస్తువు తెచ్చుకున్న మనిషి ఈమే మొదలు. కాపీ కొట్టకూడదని రూలు ఉంది గానీ, ఇలాంటిదానికి ఏ రూలూ లేదు. గ్లౌజు తిరిగి ఇచ్చేసి, ఆ మూడు గంటలూ ఆమె బల్ల చుట్టూనే తిరిగాడట.

ఫలితాలు చూడటానికి కార్ఖానా అంతా మేనేజరు గదిలో కంప్యూటరు ముందు మూగింది. మేనేజరు నంబరు కొట్టాడు. అమ్మమ్మ మాత్రం లోపలికి రాలేదు. తన బల్ల దగ్గరే గోడవైపు కూర్చుని గుండీలు ఏరుతోంది. ఎర్రవీ నల్లవీ ఒకే గిన్నెలో వేస్తోందని నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు.

"గుండీలమ్మా! నలభైమూడు!" అని మేనేజరు అరిచాడు.

ఆమె లేవలేదు. "ఎన్నింట్లో?" అంది. ఆ తర్వాత గదిలో లేచిన కేకలకు మిషన్లు వాటంతటవే తిరిగాయంటే మీరు నమ్మక్కర్లేదు. తనిఖీ పెద్దాయన కిటికీ పక్క కుర్చీని తన తువ్వాలుతో తుడిచి, నీలం ముద్ర ఆమె చేతికిచ్చాడు. అమ్మమ్మ కూర్చుంది. కిటికీలోంచి వీధి చూసింది. "ఎదురుగా చెప్పుల కొట్టు ఉందా!" అంది. ముప్పైయొక్క ఏళ్ళుగా ఉంది.

కూర్చున్న మూడోరోజే మా అందరి కొంప ముంచింది. పెద్దాయన పాపం మంచివాడు. కట్టలో పైనున్న పది చొక్కాలు చూసి ముద్ర వేసేవాడు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. కాబట్టి మంచివి పైన, వంకరవి అడుగున పెట్టి కట్టేవాళ్ళం. అమ్మమ్మకూ తెలుసు. మరి ఆమె కూడా ఇన్నాళ్ళూ మాలో మనిషే కదా. ఇప్పుడు కట్ట రాగానే విప్పించి, చొక్కాలన్నీ పెద్ద డబ్బాలో కలగలిపి, గ్లౌజు తొడుక్కుని, తల పక్కకు తిప్పుకుని పది లాగుతుంది.

"పైన చూడాల్సింది గుండీలమ్మా, పద్ధతి అది," అన్నారు కట్టలు కట్టేవాళ్ళు.

"పైన ఏముంటుందో నాకు తెలుసయ్యా. నాకు తెలిసింది చూస్తే తనిఖీ ఎలా అవుతుంది?"

మొదటి దెబ్బ నాకే తగిలింది. లాగిన పదింట్లో రెండింటికి గుండీ ఒక పక్కకు జరిగి ఉంది. రెండూ నేను కుట్టినవే. మనవరాలినని కూడా చూడలేదు. చొక్కాలు నా ఒళ్ళోకి విసిరి, "విప్పి కుట్టు," అంది.

విప్పుతూ కుడుతూ, కోపం ఎక్కడ తీర్చుకోవాలో తెలియక, భోజనాల వేళల్లో ఇదంతా రాశాను. నిన్న ఆమెకు చదివి వినిపించాను. తన బొమ్మ తానే చూసుకుంటున్నట్టు, పెదవి కొరుకుతూ, ఒక్క ముక్క కూడా అడ్డు చెప్పకుండా వింది. మంచి ఊపులో ఉంది కదా, ఇదే అదును అనుకున్నాను.

"అమ్మమ్మా, ఇన్ని లెక్కలు చెబుతావు కదా. మరి నేను పది పాసయ్యే సంభావ్యత ఎంత?"

ఆమె నా వైపు తిరగను కూడా తిరగలేదు. తర్వాతి కట్ట విప్పుతూ అంది:

"సున్నా. పరీక్షకు కట్టనే లేదు కదే."